ప్రేమోన్మాదం

ఒక వ్యక్తి గురించిన తలపు అదుపు తప్పి, నిద్రనూ చదువునూ ఉద్యోగాన్నీ మిగతా బంధాలనూ వెనక్కి నెట్టి, ఎదుటి మనిషి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా సాగే మానసిక స్థితిని ప్రేమోన్మాదం అంటారు. ఇందులో రెండు పార్శ్వాలున్నాయి. ఒకటి, ఆ తలపుతో లోలోపల నలిగిపోయే మనిషి బాధ. రెండోది, ఆ బాధ అవతలి మనిషి మీద నిఘాగా, వెంటపడటంగా, బెదిరింపుగా, దాడిగా మారడం. మొదటిది ప్రతిసారీ రెండోదానికి దారి తీయదు. రెండోదాని వెనుక ప్రతిసారీ మొదటిది ఉండాలనీ లేదు. వార్తల్లోనూ వీధి మాటల్లోనూ ఈ రెంటినీ కలిపేయడం వల్ల చికిత్స కావలసినవారు సిగ్గుతో దాక్కుంటారు, శిక్ష పడవలసినవారికి సానుభూతి దొరుకుతుంది.

ఈ వ్యాసం ఆ స్థితి చరిత్రనూ రకాలనూ మనసులో అది పనిచేసే తీరునూ వివరిస్తుంది. భారతదేశంలో వెంటాడటాన్ని నేరంగా గుర్తించే దిశగా సాగిన ఆలోచనలో ఢిల్లీ రాజధాని ప్రాంతం నుంచి వచ్చిన కేసులకు ముఖ్యమైన పాత్ర ఉన్నందున, ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

నిర్వచనం, హద్దులు

ప్రేమోన్మాదం వైద్యశాస్త్రం గుర్తించిన వ్యాధి పేరు కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల సూచిక డీఎస్ఎమ్-5లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో గానీ ఆ పేరుతో విడిగా ఒక రుగ్మత లేదు. అందువల్ల వైద్యులు దాన్ని ఇతర స్థితుల లక్షణంగా చూస్తారు. అది భ్రాంతి రుగ్మతలో భాగం కావచ్చు, ఓసీడీ (ఒకే తలపు లేదా పని అదుపు లేకుండా పదేపదే తిరిగివచ్చే రుగ్మత) కావచ్చు, వ్యక్తిత్వ రుగ్మత కావచ్చు, కుంగుబాటు కావచ్చు. ఏ రుగ్మతా లేకుండా కేవలం నేర్చుకున్న నడవడి కూడా కావచ్చు.

తీవ్రతను బట్టి ప్రేమనూ ఉన్మాదాన్నీ వేరు చేయలేం. కొత్తగా ప్రేమలో పడ్డవారికి అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, రోజంతా ఒకే ముఖం కళ్లముందు తిరగడం మామూలే. చూడవలసింది మూడు విషయాలు: తలపు కాలంతో తగ్గుతోందా పెరుగుతోందా, రోజువారీ జీవితం దెబ్బతింటోందా, అవతలి మనిషి చెప్పిన ‘వద్దు’ను ఈ మనిషి మనసు ఏం చేస్తోంది. ఈ మూడోదే అన్నింటికన్నా నమ్మదగిన కొలమానం. ‘వద్దు’ విని దుఃఖించడం ప్రేమలో భాగం. దాన్ని సిగ్గుగానో పరీక్షగానో ఇంట్లోవాళ్ల బలవంతంగానో అర్థం చెప్పుకుని ముందుకు సాగడం దగ్గర ప్రమాదం మొదలవుతుంది.

చరిత్ర

ప్రేమను జబ్బుగా చూడటం పాతదే. వాత్స్యాయనుడి కామసూత్రాలు కాముకుడి అవస్థలను పదిగా లెక్కించాయి. చక్షుఃప్రీతి, మనస్సంగం, సంకల్పం, నిద్రాచ్ఛేదం, తనుత, విషయవ్యావృత్తి, లజ్జాప్రణాశం, ఉన్మాదం, మూర్ఛ, మరణం. చూపుతో మొదలై చావుతో ముగిసే ఈ వరుసలో నిద్రలేమి, చిక్కిపోవడం, మిగతా విషయాల మీద ఆసక్తి పోవడం, సిగ్గు విడవడం ఒక్కో మెట్టు. నేటి వైద్యుడు అడిగే ప్రశ్నల్లో సగం ఇందులోనే ఉన్నాయి. తెలుగు ప్రబంధాల విరహ వర్ణనలు ఈ అవస్థల మీదే నడిచాయి. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు కాదని వెళ్లిపోయాక వరూధిని పడే బాధ అందుకు పేరుపొందిన ఉదాహరణ. ఆమె ఆ స్థితిలో ఉండగా ప్రవరుడి రూపం ధరించిన గంధర్వుడు ఆమెను మోసగిస్తాడు. కాంక్షలో మునిగిన మనసు తనకు కావలసినదాన్నే చూస్తుందన్న ఎరుక ఆ కథలో ఉంది.

పదకొండో శతాబ్దపు వైద్యుడు ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో ‘ఇష్క్’ను విషాద రోగానికి దగ్గరి జబ్బుగా వర్ణించాడు. రోగి నాడి పట్టుకుని పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ, ఏ పేరుకు నాడి తడబడుతుందో చూసి ప్రియురాలెవరో కనిపెట్టే పద్ధతినీ చెప్పాడు. ఆ గ్రంథం మీద ఆధారపడ్డ యునానీ వైద్యం ఢిల్లీలో ఇప్పటికీ బోధనలో ఉంది. హకీం అజ్మల్ ఖాన్ కరోల్ బాగ్‌లో నెలకొల్పిన టిబ్బియా కళాశాలను 1921లో గాంధీజీ ప్రారంభించారు.

అదే 1921లో ఫ్రాన్స్‌లో గయెటాన్ ద క్లెరాంబో తన పేరుతో నిలిచిపోయిన లక్షణ సముదాయాన్ని వివరించాడు. అతని రోగుల్లో ఒకామె బ్రిటన్ రాజు ఐదో జార్జి తనను ప్రేమిస్తున్నాడని నమ్మింది. బకింగ్‌హాం రాజభవనం బయట నిలబడి, కిటికీ తెర కదిలితే అది తనకే సంకేతమనుకునేది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో దృష్టి భ్రాంతుల నుంచి మామూలు మనుషుల వైపు మళ్లింది. 1975లో స్టాంటన్ పీల్, ఆర్చీ బ్రాడ్‌స్కీ ప్రేమను మత్తు అలవాటుతో పోల్చి పుస్తకం రాశారు. 1979లో డొరొతీ టెన్నోవ్, అవతలివారి స్పందన కోసం అదే పనిగా తపించే స్థితికి ‘లిమరెన్స్’ అన్న పేరు పెట్టింది. ఆమె దాన్ని జబ్బుగా చెప్పలేదు. చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే స్థితిగానే చెప్పింది.

రకాలు

*లిమరెన్స్.* ఆశకూ అనుమానానికీ మధ్య ఊగిసలాటే దీనికి ఆహారం. స్పష్టమైన అంగీకారం దొరికినా, స్పష్టమైన తిరస్కారం ఎదురైనా సాధారణంగా సన్నగిల్లుతుంది. ఎటూ తేలని పరిస్థితిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది.

*ఎరోటోమేనియా.* ఫలానా వ్యక్తి తనను ప్రేమిస్తున్నాడన్న గట్టి భ్రాంతి. ఆ వ్యక్తి సాధారణంగా తనకన్నా పెద్ద హోదాలో ఉంటాడు, చాలాసార్లు పరిచయమే ఉండదు. డీఎస్ఎమ్-5 దీన్ని భ్రాంతి రుగ్మతలో ఒక రకంగా లెక్కిస్తుంది. ఇది అరుదు.

*రోగగ్రస్త అసూయ.* భాగస్వామి నమ్మకద్రోహం చేస్తోందన్న నిరాధార నమ్మకం. తెలుగిళ్లలో దీన్ని అనుమానపు జబ్బు అంటారు. 1955లో టాడ్, డ్యూహర్స్ట్ దీనికి షేక్‌స్పియర్ పాత్ర పేరుతో ‘ఒథెల్లో సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. మద్యం అలవాటుతో దీనికి దగ్గరి సంబంధం ఉంది. ఇంట్లో హింసకూ హత్యకూ దారితీసే స్థితుల్లో ఇది ముఖ్యమైనది కాబట్టి కాపురంలో మామూలేనని కొట్టిపారేయడం ప్రమాదకరం.

*బంధాల ఓసీడీ.* ‘నేను నిజంగా ప్రేమిస్తున్నానా, ఈమె నాకు తగినదేనా’ అన్న సందేహాలు రోజుకు వందసార్లు తిరిగి తిరిగి రావడం. ఈ మనిషి ఎవరినీ వెంటాడడు, తన మనసునే వెంటాడతాడు.

*గాయపు బంధం.* కొట్టిన చేతినే వదల్లేకపోవడం. హింస, ఆ వెంటనే క్షమాపణ, ఆపైన కొన్నాళ్ల ప్రేమ అన్న వలయాన్ని 1979లో లెనోర్ వాకర్ వివరించింది. అప్పుడప్పుడు దొరికే దయ బంధాన్ని ఎందుకు బిగిస్తుందో 1981లో డటన్, పెయింటర్ విశ్లేషించారు. ‘అంత బాధపడుతుంటే వదిలి రావచ్చుగా’ అని బాధితురాలిని అడిగేవారికి సమాధానం ఈ పరిశోధనల్లో ఉంది.

*వెంటాడటం.* ఇది జబ్బు కాదు, ప్రవర్తన. ఆస్ట్రేలియాలో పాల్ మల్లెన్ బృందం 1999లో 145 మంది వెంటాడేవారిని పరిశీలించి ఐదు వర్గాలు చేసింది: తిరస్కరణకు గురైనవారు, సాన్నిహిత్యం కోరేవారు, తీరు తెలియని ప్రణయార్థులు, కక్ష పెట్టుకున్నవారు, దాడికి పొంచి ఉన్నవారు. వారిలో మొదటి వర్గం 52 మంది, రెండో వర్గం 49 మంది. మొదటి వర్గంలో అత్యధికులు విడిపోయిన భాగస్వాములు. అంటే వెంటాడేవాడు ముఖం తెలియని ఆగంతకుడన్న ఊహ చాలా సందర్భాల్లో తప్పు.

మనసులో పనిచేసే తీరు (చూడండి: అనుబంధ సిద్ధాంతం)

జాన్ బౌల్బీ 1969 నుంచి వెలువరించిన మూడు సంపుటాల్లో, శిశువుకూ పెంచేవారికీ మధ్య ఏర్పడే అనుబంధం జీవితాంతం ప్రభావం చూపుతుందని ప్రతిపాదించాడు. మేరీ ఐన్స్‌వర్త్ తల్లి కాసేపు గది విడిచి వెళ్లినప్పుడు శిశువులు ప్రవర్తించే తీరును గమనించి వారిని సురక్షిత, ఆత్రుత, దూరం పాటించే వర్గాలుగా విభజించింది. 1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ ఒక దినపత్రికలో ప్రశ్నావళి ప్రచురించి అవే వర్గాలను పెద్దల ప్రేమలో వెతికారు. జవాబిచ్చినవారిలో సుమారు 56 శాతం సురక్షిత, 25 శాతం దూరం పాటించే, 19 శాతం ఆత్రుత వర్గాల్లోకి వచ్చారు. వదిలేస్తారేమోనన్న భయం నిరంతరం వెన్నాడే ఆత్రుత వర్గంలోనే మితిమీరిన ప్రేమ లక్షణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆ అనుబంధ శైలి మారనిది కాదు. స్థిరమైన బంధం, చికిత్స దాన్ని మార్చగలవు.

మెదడు స్థాయిలో రెండు పరిశోధనలను తరచూ ఉదహరిస్తారు. 1999లో ఇటలీలో డోనటెల్లా మరజీతి బృందం, కొత్తగా ప్రేమలో పడ్డ 20 మంది రక్తంలోని ప్లేట్‌లెట్లలో సెరటోనిన్ రవాణా ప్రోటీన్ సాంద్రత ఓసీడీ రోగుల్లో లాగే తక్కువగా ఉందని గమనించింది. హెలెన్ ఫిషర్ బృందం 2005లో ప్రేమలో ఉన్న 17 మందికీ, 2010లో ప్రేమలో తిరస్కరణ పొందిన 15 మందికీ మెదడు స్కాన్లు తీసింది. ప్రతిఫలానికి, కోరికకు సంబంధించిన మెదడు భాగాలు రెండు సందర్భాల్లోనూ చురుగ్గా కనిపించాయి. కాదన్నాక కూడా కోరిక చల్లారకపోవడానికి ఇది ఒక వివరణ. అయితే ఇవన్నీ చిన్న నమూనాలు. ప్రేమోన్మాదానికి ‘మెదడు కారణం’ దొరికిందని చెప్పడానికి ఇవి చాలవు.

ఎక్కువ వెలుగు ఇచ్చేది విలియం క్యూపాక్, బ్రయాన్ స్పిట్జ్‌బర్గ్ ప్రతిపాదించిన లక్ష్యాల సిద్ధాంతం. ప్రతి మనిషికీ చిన్న లక్ష్యాలు, పెద్ద లక్ష్యాలు ఉంటాయి. ‘ఈమెతో బంధం’ అన్నది చిన్న లక్ష్యం. ‘సంతోషంగా బతకాలి’, ‘నాకో విలువ ఉండాలి’ అన్నవి పెద్దవి. చిన్న లక్ష్యం నెరవేరకపోతే మామూలుగా మనిషి మరో దారి వెతుక్కుంటాడు. ఆమె లేకపోతే నాకు విలువే లేదని రెంటినీ ముడివేసుకున్నవాడికి ఆ దారి మూసుకుపోతుంది. వదులుకోవడమంటే తననే వదులుకోవడమనిపిస్తుంది. అడ్డు ఎదురైనకొద్దీ అదే తలపు మెదలుతుంది, తలపు పెరిగినకొద్దీ దుఃఖం, కోపం పెరుగుతాయి, ఆ ఉద్వేగం చేసే పనులకు సమర్థన వెతుకుతుంది.

దీనికి తోడు, ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికే ప్రతిఫలం ప్రతిసారీ దొరికేదానికన్నా అలవాటును గట్టిపరుస్తుందని బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపాయి. పది సందేశాలకు ఒక జవాబు రావడం, వాట్సాప్‌లో నీలి టిక్కులు, ‘లాస్ట్ సీన్’ సమయం ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి. మర్యాదకోసం ఇచ్చిన ఒక్క జవాబు కూడా వెంటాడేవాడికి మరికొన్ని వారాల ఆశ. బాధితులకు నిపుణులు ఒకేసారి, స్పష్టంగా ‘వద్దు’ చెప్పి ఆపైన ఏ జవాబూ ఇవ్వవద్దని సూచించేది ఇందుకే.

ఢిల్లీ కేసు: ప్రియదర్శిని మట్టూ

కాశ్మీరీ పండిత కుటుంబానికి చెందిన ప్రియదర్శిని మట్టూ ఢిల్లీ విశ్వవిద్యాలయం క్యాంపస్ లా సెంటర్‌లో న్యాయశాస్త్రం చదివేది. అక్కడే చదివిన ఒక సీనియర్, ఒక పోలీసు ఉన్నతాధికారి కొడుకు, ఆమె వెంటపడటం మొదలుపెట్టాడు. 1995 అంతా అతని మీద నగరంలోని వేర్వేరు ఠాణాల్లో ఆమె ఫిర్యాదులు ఇచ్చింది. ఇకపై వేధించనని అతను హామీ ఇచ్చాడు, మళ్లీ వెంటపడ్డాడు. ఆమెకు రక్షణగా ఒక పోలీసును నియమించారు. ఆమె ఏకకాలంలో రెండు కోర్సులు చదువుతోందని అతను విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు చేశాడు. తనకు దక్కనిదాన్ని దెబ్బతీయాలన్న ఈ మలుపు వెంటాడే ప్రవర్తన కక్షగా మారుతోందనడానికి గుర్తు. ముప్పును అంచనా వేసే నిపుణులు ఇటువంటి మలుపులను జాగ్రత్తగా గమనిస్తారు.

1996 జనవరి 23న వసంత్ కుంజ్‌లోని బంధువుల ఇంట్లో ఆమె అత్యాచారానికి, హత్యకు గురైంది. వయసు 25 ఏళ్లు. దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. 1999 డిసెంబరులో విచారణ న్యాయస్థానం, నేరం చేసింది అతనేనని తనకు తెలుసంటూనే, సాక్ష్యాల లోపం వల్ల సంశయ లాభం ఇచ్చి విడుదల చేసింది. సీబీఐ అప్పీలు ఏళ్ల తరబడి పెండింగులో ఉండిపోయింది. తండ్రి పట్టుదల, పత్రికలూ విద్యార్థులూ చేసిన ఆందోళన తర్వాత 2006 అక్టోబరు 17న ఢిల్లీ హైకోర్టు అతన్ని దోషిగా తేల్చి, అదే నెలలో మరణశిక్ష విధించింది. 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు దోషిత్వాన్ని నిలబెట్టి, శిక్షను యావజ్జీవంగా మార్చింది.

ఈ కేసు ఒక మనోవ్యాధి కథ కాదు. శిక్ష పడిన వ్యక్తి చదువుకున్నాడు, విడుదలయ్యాక న్యాయవాదిగా పనిచేశాడు. ‘ప్రేమ పిచ్చి’ అన్న మాట ఇటువంటి చోట కారణాన్ని చెప్పదు, దాచిపెడుతుంది. ఆమె ప్రతి ఫిర్యాదూ ‘వద్దు’ అనడమే. అది రాతపూర్వకంగా, ప్రభుత్వ దస్తావేజులో నమోదైన ‘వద్దు’. నాటి శిక్షాస్మృతిలో వెంటాడటానికి ప్రత్యేక నేరమంటూ లేకపోవడంతో ఆ ఫిర్యాదులు ఆడవారి గౌరవానికి భంగం కలిగించడం లాంటి సెక్షన్ల కిందికి వెళ్లాయి. నెలల తరబడి సాగిన ప్రవర్తనను ఒకే వరుసగా చూసే సాధనం చట్టానికి లేదు.

రెండో కేసు 2005 నాటిది. ఢిల్లీలో ఖాన్ మార్కెట్ దగ్గర 15 ఏళ్ల లక్ష్మీ అగర్వాల్ ముఖం మీద యాసిడ్ పోశారు. తనకన్నా రెట్టింపు వయసున్నవాడి పెళ్లి ప్రతిపాదనను ఆమె కాదన్నది. 2006లో ఆమె సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. 2013 జులైలో కోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాన్ని నియంత్రించింది, కొనేవారి వివరాలు నమోదు చేయాలనీ, 18 ఏళ్ల లోపువారికి అమ్మరాదనీ, బాధితులకు కనీసం 3 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలనీ ఆదేశించింది. తెలుగు నేలమీద 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది, వారిలో ఒకరు చనిపోయారు. అక్కడ నిందితులు ముగ్గురూ కొద్ది రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆ కాల్పులను అప్పట్లో చాలామంది హర్షించారు. కానీ నేరం ఎలా పెరిగింది, ఎవరు ఎక్కడ ఆపగలిగేవారు అన్న విచారణ కోర్టు దాకా రాకుండానే పోయింది.

చట్టం (చూడండి: భారతీయ న్యాయ సంహిత; గృహహింస చట్టం)

వెంటాడటాన్ని నేరం చేసిన తొలి ఆధునిక చట్టాల్లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానిది ముందుది, 1990 నాటిది. భారతదేశంలో ఆ మార్పు 2012 డిసెంబరు 16 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత వచ్చింది. జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ లీలా సేఠ్, గోపాల్ సుబ్రమణ్యంల కమిటీ 2013 జనవరి 23న నివేదిక సమర్పించింది. ప్రియదర్శిని మరణానికి అది సరిగ్గా 17 ఏళ్లు. అదే ఏడాది భారత శిక్షాస్మృతికి చేసిన సవరణతో 354-డి సెక్షన్ కింద వెంటాడటం, 326-ఎ, 326-బి కింద యాసిడ్ దాడి విడి నేరాలయ్యాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇవి 78, 124 సెక్షన్లు. స్త్రీ స్పష్టంగా అనాసక్తి చూపినా పదేపదే వెంటపడటం, సంప్రదించబోవడం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం వెంటాడటం కిందికి వస్తాయి. మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలుశిక్ష. మొదటి నేరానికి బెయిలు హక్కుగా దొరకడం మీద విమర్శ ఉంది. ఈ సెక్షన్ బాధితులుగా స్త్రీలనే గుర్తిస్తుంది. వెంటాడబడే పురుషులు బెదిరింపు లాంటి ఇతర సెక్షన్ల మీద ఆధారపడాలి.

రాజధాని ప్రాంతానికి ఒక ప్రత్యేక చిక్కు ఉంది. నోయిడాలో ఉండి, గురుగ్రామ్‌లో పనిచేస్తూ, మెట్రోలో ఢిల్లీ మీదుగా వెళ్లే మహిళను ఒకడు రోజూ వెంటాడితే ఆ నేరం మూడు పోలీసు వ్యవస్థల పరిధిలో పడుతుంది. ఉత్తరప్రదేశ్, హరియాణా పోలీసులు ఆయా రాష్ట్రాల కింద, ఢిల్లీ పోలీసులు కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తారు. ‘మా పరిధి కాదు’ అన్న జవాబుకు విరుగుడు జీరో ఎఫ్ఐఆర్. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు నమోదు చేసి, తర్వాత సంబంధిత ఠాణాకు పంపాలి. 2023 నాటి భారతీయ నాగరిక సురక్ష సంహిత 173వ సెక్షన్ దీన్ని చట్టంలోకే చేర్చింది.

కథలు, సినిమాలు

శరత్‌చంద్ర 1917లో ప్రచురించిన ‘దేవదాసు’ మీద 1953లో తెలుగులో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమా తిరస్కృత ప్రేమికుడికి తెలుగునాట ఒక రూపం ఇచ్చింది. దేవదాసు నాశనం చేసుకున్నది తనను. 1993 నాటి హిందీ చిత్రం ‘డర్’లో వెంటాడేవాడు ప్రతినాయకుడైనా ప్రేక్షకుల ఆకర్షణ అతని మీదే నిలిచింది. 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’, దాని హిందీ రూపం ‘కబీర్ సింగ్’ చుట్టూ సాగిన చర్చ, నాయకుడి అధికారాన్ని ప్రేమగా చూపడం గురించే. సినిమా ఒక్కటే నేరస్థుణ్ని తయారు చేయదు. కానీ వెంటపడితే చివరికి ఒప్పుకుంటుందన్న కథ పదేపదే చూసిన కుర్రాడికి ‘వద్దు’ తాత్కాలికమైన మాటగా వినిపించడం సహజం.

గుర్తింపు, చికిత్స

చికిత్స స్థితిని బట్టి మారుతుంది. భ్రాంతి ఉంటే యాంటీసైకోటిక్ మందులు అవసరం. ఆ మనిషితో వాదించి భ్రాంతిని తొలగించలేం. ఓసీడీ, కుంగుబాటు ఉంటే ఎస్ఎస్ఆర్ఐ తరగతి మందులు, ఆలోచనలనూ ప్రవర్తననూ కలిపి సరిచేసే సీబీటీ ఉపయోగపడతాయి. ఓసీడీలో, తలపు వచ్చినా అలవాటు పనిని (ఫోన్ చూడటం, ప్రొఫైల్ తెరవడం) చేయకుండా ఆగే శిక్షణ కీలకం. తిరస్కరణ తర్వాతి దుఃఖానికి సంబంధం పూర్తిగా తెంచుకోవడం, నిద్ర, స్నేహితుల తోడు మొదటి మందులు. అనుమానపు జబ్బులో మద్యం మానిపించడం, కొన్నిసార్లు దంపతులను కొంతకాలం వేరుగా ఉంచడం తప్పదు. గాయపు బంధంలో ఉన్నవారికి జంట కౌన్సెలింగ్ సాధారణంగా సూచించరు. కొట్టేవాడి ఎదుట బాధితురాలు నిజం చెప్పలేదు.

ఆత్మహత్య బెదిరింపును ఎప్పుడూ తేలికగా తీసుకోకూడదు. అలాగని దాన్ని బంధంలో కొనసాగడానికి కారణంగానూ ఒప్పుకోకూడదు. ఆ బాధ్యత భాగస్వామిది కాదు, వైద్యులది, కుటుంబానిది.

రాజధాని ప్రాంతంలో సహాయం

దిల్షాద్ గార్డెన్‌లోని ఇహ్‌బాస్ పూర్వపు షాదరా మానసిక చికిత్సాలయం నుంచి 1993లో ఏర్పడ్డ ప్రభుత్వ సంస్థ. ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగం ఉంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా, రోగి వివరాల గోప్యతను బాధ్యతగా చెప్పింది.

సివిల్స్ శిక్షణకోసం రాజేంద్రనగర్, ముఖర్జీనగర్ గదుల్లో ఏళ్ల తరబడి ఉండే తెలుగు విద్యార్థులకు ఇల్లు దూరం, పరీక్షల ఒత్తిడి, పరిచయాలు తక్కువ. ఒకే మనిషి మీద జీవితమంతా ఆనించుకోవడానికి అటువంటి ఒంటరితనం అనుకూలిస్తుంది. మనసులోని మాట పరాయి భాషలో చెప్పుకోవడం కష్టం కాబట్టి, 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సేవ (14416) తెలుగులోనూ ఉండటం వారికి ఉపయోగం. వేధింపు ఎదుర్కొంటున్నవారికి మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసర సేవ 112 ఉన్నాయి. సందేశాలు, కాల్ వివరాలు, స్క్రీన్‌షాట్లు తొలగించకుండా తేదీలతో దాచుకోవాలి. వెంటాడటం ఒక్క సంఘటన కాదు, వరుస కాబట్టి ఆ వరుసే న్యాయస్థానంలో సాక్ష్యం.

(ఇవి కూడా చూడండి: అనుబంధ సిద్ధాంతం, ఓసీడీ, భ్రాంతి రుగ్మత, యాసిడ్ దాడులు, వర్మ కమిటీ నివేదిక)